రెండు జాబితాల్లో ఉన్న పద్నాలుగు మంది

2024 జూన్ 11, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. వనపర్తి మీద మబ్బు కమ్మి ఉన్నది, వాన లేదు. గాలి ఆడక ఒకటే ఉక్కపోత. ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో భోజనాల బల్లలను చతురస్రంగా జరిపి, వాటి చుట్టూ పదిహేడు మంది డాక్టర్లు కూర్చున్నారు. పద్దెనిమిదోవాడిని నేను. డాక్టరును కాను, గణాంక శాఖలో ముప్పై నాలుగు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని.

ఆ సమావేశం ఉద్దేశం మంచిది. ఈ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో క్యాన్సర్ అనుమానంతో దవాఖానకు వచ్చిన మనిషి ఆపరేషన్ డాక్టరు కోసం ఒకనాడు, ముక్క పరీక్ష ఫలితం కోసం మరొకనాడు, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే డాక్టరు కోసం ఇంకొకనాడు తిరిగి తిరిగి, చివరకు తిరగడం మానేసేవాడు. ఇకమీదట హైదరాబాదు నుంచి వచ్చే నిపుణులూ మూడు జిల్లాల డాక్టర్లూ ప్రతి నెలా రెండో మంగళవారం ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒక్కొక్క రోగి కాగితాలను అందరూ కలిసి చూడాలి. ఏ చికిత్స ముందో, ఏది తర్వాతో అక్కడే తేల్చాలి. ఇదీ ఏర్పాటు. దీనికంతటికీ పెద్దగా వ్యవహరించిన డాక్టరమ్మ నగరంలో పేరున్న మనిషి. మూడు జిల్లాల రిజిస్టర్లను కలిపి ఒక్క జాబితా చేసిపెట్టమని ఆమె నన్ను అడిగింది. జీతం లేని పని. సంతోషంగా ఒప్పుకున్నాను.

మూడు రిజిస్టర్లలో కలిపి నూట నలభై మూడు వరుసలు ఉన్నాయి. నాలుగో రోజున ఒక సంగతి బయటపడింది. మా వైపు పెళ్లయిన ఆడమనిషికి పెద్ద జబ్బు చేస్తే తల్లిగారింటికి తెచ్చుకుంటారు. అత్తగారింటి నుంచి మొదట ఒక దవాఖానకు పోయినప్పుడు భర్త పేరు, భర్త ఇంటిపేరు రాస్తారు. తల్లిగారింటికి వచ్చాక ఇక్కడి దవాఖానలో తండ్రి పేరు, పుట్టింటి పేరు రాస్తారు. ఫోన్ నంబరు అక్కడ మొగుడిది, ఇక్కడ అన్నదో తమ్ముడిదో. ఒకే మనిషి రెండు జిల్లాల్లో ఇద్దరుగా ఉంటుంది. అక్కడివాళ్లు ఇక్కడ చూస్తున్నారనుకుంటారు, ఇక్కడివాళ్లు అక్కడ చూస్తున్నారనుకుంటారు. ఆత్మకూరు, పెబ్బేరు, అలంపూర్ బస్సులెక్కి, ఇల్లిల్లూ అడిగి రూఢి చేసుకున్నాను. అట్లాంటి స్త్రీలు పద్నాలుగు మంది తేలారు. నూట నలభై మూడులోంచి పద్నాలుగు తీసివేస్తే నూట ఇరవై తొమ్మిది. అసలు మనుషులు అంతమంది.

ఆ పద్నాలుగు మందిలో ఒకరు మా చెల్లెలు. వయసు యాభై ఎనిమిది. ఆత్మకూరు దగ్గర అత్తగారిల్లు. రొమ్ములో గడ్డ. మే నెలలో గద్వాలకు, మా ఇంటికి తెచ్చుకున్నాము.

జాబితా రాస్తుంటే పక్కన కూర్చుని ఆమె అడిగింది: "అన్నా, నా పేరు రెండు తావుల ఉన్నదంటివి. రెండుసార్లు సూస్తరా ఏంది?"

"ఒక్కచోటనే ఉంచుతున్న."

"ఎవలింట్ల ఉంచినవ్? నీ ఇంట్లనా, మీ బావ ఇంట్లనా?"

"గద్వాలలో. ఇక్కడనే ఉన్నవు గదా."

"అయితే మీ బావకు చెప్పకు. నలభై ఏండ్ల నుంచి నా ఇంట్ల ఉన్నది, కాగితంల గుంజుకున్నరని లొల్లి వెడ్తడు."

మా బావకు ఆ జాబితా మీద నమ్మకం లేదు. జూన్ 23న వచ్చి అన్నాడు: "కర్నూలుకు తోల్కవోదాం బావా. అంత అయినా రెండు గంటల తొవ్వ. గీ మీటింగులు, గీ కాగితాలు మనకెందుకు?"

"నలుగురు డాక్టర్లు ఒక్కసారి చూస్తరు. అక్కడ ఒక్కడే చూస్తడు. వచ్చే నెల మన వంతు" అన్నాను. ఆయన మా చెల్లెలి వైపు చూశాడు. "అన్న లెక్క తప్పడు, ఆగుదాం" అన్నది ఆమె. ఆగారు.

జూలై 9న జాబితా అప్పగించాను. ఇక్కడ నా చేతిపని గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒకే మనిషి రెండు వరుసల్లో కనబడితే రెండింటి ఎదుటా "పునరుక్తి" అని రాసి, ఒకదాని ఎదుట రెండోదాని సంఖ్య వేయడం మా శాఖ పద్ధతి. అట్లాగే రాశాను. ఏ వరుసను ఉంచాలో, దేన్ని తీసివేయాలో వేరే కాగితం మీద రాసి జతచేశాను. డాక్టరమ్మ అందరి ముందూ మెచ్చుకున్నది. "ఆడవాళ్లకు రెండిళ్లుంటాయని మా పదిహేడు మందికీ తెలుసు సార్. రిజిస్టరుకు మాత్రం ఎవరమూ చెప్పలేదు" అన్నది. ఆ పద్నాలుగు మందిలో మా చెల్లెలున్నదని ఆమెకు నేను చెప్పలేదు. జాబితా తయారుచేసినవాడు తన మనిషి గురించి మాట్లాడకూడదని నా నియమం.

జూలై గడిచింది, ఆగస్టు 13 గడిచింది, పిలుపు రాలేదు. ఆగస్టు 16, శుక్రవారం డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ పద్నాలుగు మంది సంగతేమిటని అడిగాను.

"వరుసలోనే ఉన్నారు సార్. మీరు చేసిన లిస్టే కదా, మీకే డౌటా?" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి చెల్లెలికి అదే మాట చెప్పాను.

సెప్టెంబరు మొదటి వారానికి గడ్డ మీద చర్మం నారింజ తొక్కలా గట్టిపడింది. 10వ తేదీ సమావేశానికి ఎవరూ పిలవకపోయినా పోయాను. గోడ మీద తెరపై అంకెలు చూపిస్తున్నారు. చికిత్స కోసం చూస్తున్నవారు మొత్తం నూట పదిహేను. నూట ఇరవై తొమ్మిది ఉండవలసిన చోట నూట పదిహేను. తేడా పద్నాలుగు. కుర్చీలో కూర్చునే అర్థం చేసుకున్నాను: కంప్యూటరులో ఎక్కించినవారు "పునరుక్తి" అని ఉన్న వరుసలన్నీ కొట్టివేశారు. ఒక్కొక్క మనిషినీ రెండు చోట్లా కొట్టివేశారు.

సభ ముగిశాక మెట్ల దగ్గర డాక్టరమ్మను ఆపాను.

"అమ్మా, పద్నాలుగు మంది లేరు. మీకు తెలుసునా?"

ఆమె చుట్టూ చూసింది. "తెలుసు సార్."

"ఏ తేదీన తెలిసింది?"

"జూలైలో."

"తేదీ అడుగుతున్నాను."

"పద్దెనిమిది."

"మరి ఆగస్టు పదహారున నాతో ఏమన్నారు?"

"అప్పటికే రిపోర్టు పైకి వెళ్లిపోయింది సార్. వెయిటింగ్ తగ్గిందని అందరూ మెచ్చుకున్నారు. ఇంతమంది మిస్సయ్యారని మళ్లీ రాస్తే ఈ ప్రోగ్రామే ఆపేస్తారు. మిగతా నూట పదిహేను మంది గతి ఏమిటి? వీళ్లను తర్వాతి విడతలో కలుపుదామనుకున్నాను."

"వాళ్లలో మా చెల్లెలు ఉన్నది."

ఆమె ముఖం మారింది. "అయ్యో! ఒక్క మాట చెప్పి ఉంటే విడిగా చూసేదాన్ని కదా సార్!"

ఆమె అబద్ధం చెప్పినందుకు కలిగిన బాధ కన్నా ఆ చివరి మాట వల్ల కలిగిన బాధ పెద్దది. మిగిలిన పదమూడు మందికి చెప్పుకునే అన్న లేడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి చెల్లెలు చేటలో కందులు చెరుగుతున్నది. జరిగినదంతా తేదీల వారీగా చెప్పాను. డాక్టరమ్మ మోసం చేసిందన్నాను. చెల్లెలు చేట కింద పెట్టలేదు.

"గా డాక్టరమ్మను నేనెన్నడన్న సూసిన్నా అన్నా? ఆమె ఎవలో నాకు తెల్వదు. నేను నిన్ను సూసి ఆగిన."

ఆ మాటలో కోపం లేదు.

మరునాడు లిఖితపూర్వకంగా ఫిర్యాదు రాసి మూడు జిల్లాల వైద్యాధికారులకూ పంపాను. సెప్టెంబరు 12 నుంచి 29 వరకు మిగిలిన పదమూడు ఇళ్లకూ నేనే పోయాను. ఇద్దరు కూలిపనికి పుణె వలసపోయారు. వాళ్ల ఇళ్లకు తాళాలున్నాయి. అలంపూర్ దగ్గర ఒక ఇంట్లో నన్ను చుట్టమనుకుని విస్తరి వేశారు. జాబితాలో ఉన్న ఆమె పోయి ఆనాటికి పదకొండో రోజు.

అక్టోబరు 8న పదకొండు మందిని వనపర్తికి పిలిచారు. మా చెల్లెలి కాగితాలు ఆ బల్ల మీద పదకొండు నిమిషాలు ఉన్నాయి. ఆపరేషన్ డాక్టరు, కరెంటు డాక్టరు, ముక్క పరీక్ష డాక్టరు, మందుల డాక్టరు నలుగురూ ఒకే మాట మీద ఉన్నారు: జూలైలో అయితే ముందు ఆపరేషన్ చేసేవారు, ఇప్పుడు ఎముకలోకి పోయింది కాబట్టి మందులే. అంత చక్కగా, అంత త్వరగా, అంత ఏకాభిప్రాయంతో జరిగిన పనిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. మా బావ గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. కర్నూలు మాట ఎత్తలేదు. ఆనాటి నుంచి నన్ను బావా అని పిలవడం కూడా మానేశాడు.

డాక్టరమ్మ ఇప్పటికీ ఆ సమావేశాలకు పెద్దగానే ఉన్నది. అవి ప్రతి నెలా జరుగుతున్నాయి. వాటివల్ల బాగుపడినవారు ఉన్నారు. నేను మళ్లీ పోలేదు.

2025 డిసెంబరు 31 నాటికి నేను స్వయంగా విచారించి రాసుకున్నది ఇది. రెండు జాబితాల్లోంచీ కొట్టివేయబడిన స్త్రీలు పద్నాలుగు మంది. బతికి ఉన్నవారు తొమ్మిది మంది. చనిపోయినవారు ఐదుగురు. మా చెల్లెలు ఆ ఐదుగురిలో ఒకరు.