చిన్నాయన నోటితో చెప్పిన నొప్పి

మొన్న పట్నంలో ఒక పెద్ద దవాఖానలో, నా ఛాతీలో నొప్పి ఎప్పటినుంచి ఉందని డాక్టరమ్మ మా ఆయనను అడిగింది. నేను ఆమెకు ఎదురుగానే కూర్చున్నాను, నొప్పి కూడా నా దగ్గరే ఉంది. పొద్దున లేస్తే పేపరులో తల దూర్చి, నేను ఇంట్లో ఉన్నదీ లేనిదీ భోజనం వేళకు గాని గమనించని ఆ మనిషి గొంతు సవరించుకుంటుంటే, నా కళ్ల ముందు మా చిన్నాయన గొంగడి కప్పుకుని నిలబడ్డాడు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరవైల్లో మా పాలమూరు వైపు ఎండలు ముదిరాయంటే గొర్లు కాసే ఇళ్లలో మగవాళ్లు ఉండేవారు కాదు. మందలను తోలుకుని బాపూ చిన్నాయనా కృష్ణ ఒడ్డుకు పోతే మళ్లీ వానలు పడ్డాకే రాక. నడుమ ఎవరో ఒకరు జొన్నపిండి కోసం వచ్చి వెళ్లేవారు. అన్నాళ్లూ ఇల్లు నడిపేది అమ్మే. ఊరి పెద్దలతో కూడా నిలబడి కొట్లాడే నోరు ఆమెది. నాకు వచ్చింది అక్కడినుంచేనని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.

ఒక ఎండాకాలం, ఇంకా పాలు తాగే మా చెల్లికి చెవిపోటు వచ్చి, చీము కారి, చెవి వెనక బుర్రంతా ఉబ్బింది. అమ్మ దాన్ని చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఖాళీ సీసా పట్టుకుని తాలూకా దవాఖానకు పోయింది. ఆమె నోరు తెరవగానే డాక్టరు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. మగవాళ్లెవరూ రాలేదా అన్నాడు. రాలేదంటే, తల్లులకు అన్నీ భయాలేనని నవ్వి, సీసాలో గులాబీరంగు మందు పోయించి పంపాడు. మళ్లీ పోతే మళ్లీ అదే మందు. ఆ పిల్ల చెవి వైపు ఆయన చూడనే లేదు.

ఇంతలో జొన్నపిండికని చిన్నాయన వచ్చాడు. అమ్మ అతన్ని కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా బస్సెక్కించి, దారి పొడుగునా బడిపిల్లవాడికి చెప్పినట్టు పాఠం చెప్పింది.

"చెవెనుక వాపు. తలకాయ ఎత్తుతలేదు. పాలు గూడ తాగుతలేదు. ఏదీ, జెప్పు మళ్ల."

"వదినె, గొర్రె సంగతైతే జెప్త గని, పిల్ల సంగతి నాకేమెరుక?"

శివరాత్రి తర్వాత ఆ పిల్ల మొహమైనా చూడని మనిషి. డాక్టరు మాత్రం అతన్ని చూడగానే, ఏమైందయ్యా అని అడిగాడు. చిన్నాయన తడబడుతూ మొదలుపెట్టాడు, మరిచిపోయిన చోటల్లా అమ్మ వెనకనుంచి అందించింది. అవే మాటలు, ముందు రెండుసార్లూ ఆమె చెప్పినవే. డాక్టరు టార్చిలైటు తీసి, చెవి మడిచి చూసి, ముఖం నల్లబడి చిన్నాయన మీద విరుచుకుపడ్డాడు.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారయ్యా? తల్లికైనా తెలియొద్దా?"

"ఆమెకే ఎరుక సారూ. నేను పొద్దుగాలనే మందకాడినుంచి వచ్చిన. గీ మాటలన్ని మా వదినెయే."

ఆ మాట ఆయన చెవిన పడిందో లేదో, పట్నం దవాఖానకు చీటీ రాస్తూ కూర్చున్నాడు. తగాదా పెట్టుకుంటుందేమోనని అమ్మ ముఖం చూస్తే అందులో కోపం లేదు. ఏదో పనికొచ్చే కిటుకు దొరికినట్టు చిన్నాయననే చూస్తోంది. నన్ను ఈనాటికీ నివ్వెరపరిచేది ఆ చూపే. పట్నంలో ఎముక తొలిచి చెల్లి ప్రాణం నిలబెట్టారు గాని, ఆ చెవి పోయింది.

తర్వాతెప్పుడో, డిగ్రీ చదివిన నేను నా పసిబిడ్డను ఒక్కదాన్నే దవాఖానకు ఎత్తుకుపోతుంటే అమ్మ గడపలో అడ్డం నిలబడింది. "సదువు గిదువు ఇంట్ల వెట్టు బిడ్డా. ఎవడన్న మొగోణ్ణి ఎంబడి తీస్కపో. మాట నీదే ఉండని, నోరు వానిదైతె సాలు."

ఆ మాట ఇన్నేళ్లకూ మింగుడుపడకే మొన్న మా ఆయన మోకాలు నొక్కిపట్టి, నొప్పి నాదమ్మా, నన్నడుగు అన్నాను. నా కోడలి వయసున్న ఆ డాక్టరమ్మ అంతా విని, తల ఊపి, ఆంటీ టెన్షన్ ఎక్కువ తీసుకుంటారా అంకుల్ అని ఆయన వైపు తిరిగింది. గులాబీరంగు మందు పోయింది, సీసాలు పోయాయి, కృష్ణ ఒడ్డుకు మందలు నడిచిన దారులన్నీ ప్లాట్లయ్యాయి, డాక్టరు కుర్చీలోకి ఆడపిల్లే వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం చెల్లి ఫోను చేసింది, వినబడే చెవికి ఆనించుకుని. దవాఖానలో ఏమన్నారని కాదు, మొదట అడిగింది, "బావ ఎంబడి వచ్చిండు గద అక్కా?" అని. ఎవరితోనైనా వాదించగల నేను, వచ్చిండన్నాను. హమ్మయ్య అంది.