గడి లేని బూజు

ల్యాబులో అందరూ ఆమెను చుక్కలమ్మ అంటారు. గుళికలోని పొడిని నీళ్ళలో కలిపి, పదింతలు పదింతలుగా పలచన చేసి, గాజుపళ్ళెంలో పోసి వెచ్చగా ఉంచితే, బతికున్న ప్రతి సూక్ష్మజీవీ ఒక తెల్లటి చుక్కగా పెరుగుతుంది. లెక్కపెట్టిన చుక్క మళ్ళీ లెక్కలోకి రాకుండా పళ్ళెం వెనక పెన్నుతో గుర్తు పెట్టాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నదదే. వాళ్ళ మేడమీద గదిలో నేను అద్దెకున్న ఎనిమిది నెలల్లో, ఆ పెన్ను ఆమె చెవి మీద లేని పూట నేను చూడలేదు.

ఆ వారం పరీక్షకు వచ్చినవి పొట్టకు మేలు చేస్తాయని అమ్మే గుళికలు. ఒక్కోదానిలో వెయ్యి కోట్ల జీవులు, మూడు రకాలు అని లేబుల్. ఆమెకు దొరికినవి పది కోట్లు, ఒకే రకం. అది ఆమెకు కొత్త కాదు. పారేసే బుట్ట నిండిపోయి పక్కన పెట్టిన పళ్ళేల్లో మూడోనాటికి బూడిదరంగు బూజు లేచింది. ఇది మాత్రం కొత్త. ఇంకో మూడుసార్లు చేసి చూసింది. గుళిక పొడి వేయని పళ్ళెం శుభ్రంగా ఉంది, వేసిన ప్రతిదానిలో బూజే.

“వాళ్ళు బూజు గురించి అడిగారా?” అన్నాడు మేనేజరు.

“లేదు సార్.”

“మన ఫారంలో బూజుకి గడి ఉందా?”

“లేదు సార్.”

“మరి గడి లేనిది నీకెందుకమ్మా కనబడింది?”

అక్కడితో పోతే ఆమె పళ్ళు కొరుక్కుని ఊరుకునేదేమో. కానీ బ్యాచి నంబరు ఎక్కడో చూసినట్టనిపించింది. ఇంట్లో అత్తగారి మంచం పక్కన ఉన్న సీసాది అదే నంబరు.

అత్తగారికి నిరుడు కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా, ఒంటి రోగనిరోధక శక్తినే అణచే మాత్రలు వేసుకుంటోంది. అలాంటి ఒంట్లోకి బూజు పోతే ఏమవుతుందో చుక్కలమ్మకు తెలుసు.

“అవి వేసుకోకండి అత్తయ్యా. డాక్టరుకి చెప్పారా అసలు?”

“బలం మందుక్కూడా డాక్టరు దేనికే? వెయ్యి కోట్లని అచ్చేశారు చూడు. ఊరికే అచ్చేస్తారా?”

“నేను లెక్కపెట్టాను అత్తయ్యా, నా కళ్ళతో.”

“నీ కళ్ళకి జోడు మార్చుకోమని ఎన్నాళ్ళుగా చెబుతున్నాను?”

చుక్కలమ్మ మొగుడేమో పేపరు ముఖానికడ్డం పెట్టుకుని, “మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి” అన్నాడు.

అచ్చంటే మనుషులకి ఇదేం భక్తో! ఒకచోట టైంటేబుల్ నమ్మి, రద్దయి ఆరేళ్ళయిన రైలు కోసం పొద్దున్నించీ కూర్చున్నవాళ్ళని చూశాను. స్టేషను మాస్టరు వచ్చి చెప్పినా లేవలేదు. వాళ్ళని అని ఏం లాభం, ఆ బెంచీ మీద నేనూ ఉన్నాను.

మర్నాడు చుక్కలమ్మ, నమూనా సీసాల మీద అంటించే స్టిక్కర్ల మెషీను ముందు కూర్చుంది. “బతికున్నవి పది కోట్లు. చెప్పిన మూడు రకాల్లో దొరికింది ఒకటి. చెప్పనిది: బూజు.” కింద తన పేరు, సంతకం. ఇంటికి తెచ్చి అత్తగారి సీసా మీద అంటించింది.

పొద్దున్నే అత్తగారు జోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తెరిచిన మూత మళ్ళీ బిగించింది.

“ఇదేంటే, బూజని వేశారు!”

“వేసింది నేనే అత్తయ్యా. మొన్నటినుంచీ మొత్తుకుంటున్నది అదే కదా!”

“నోటిమాట వేరు, అచ్చు వేరు.”

కోడలు తల పట్టుకుంది. గుళికలు మానిపించడం వరకు గెలిచింది, కానీ గెలిచింది తను కాదు, స్టిక్కరు.

పదకొండింటికి అత్తగారు సీసాతో సహా ల్యాబులో మేనేజరు ముందు కూర్చుంది.

“దీని మీదున్న బూజు నీ కాగితంలో ఎందుకు లేదు నాయనా?”

“దానికి గడి లేదమ్మగారూ. ముందా సీసా ఇలా ఇవ్వండి. మా స్టిక్కరు బయటికి పోకూడదు.”

“గడి లేకపోతే గీయి. గీశాక ఇస్తాను.” సీసాని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పేసింది. “నాలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది మింగుతున్నారో!”

మేనేజరు చుక్కలమ్మ వైపు గుర్రుగా చూశాడు. ఆమె సొరుగులోంచి స్కేలు తీసి ఫారం పక్కన పెట్టి, చెవి మీది పెన్ను అందించింది.