తాండూరులో ఒక మైలు పరుగు

1958 జూన్ 9, సోమవారం. ఉదయం ఐదు గంటల పది నిమిషాలు. మృగశిర కార్తె ప్రవేశించిన మరునాడు. మబ్బు పట్టి ఉంది, చినుకు లేదు, గాలి లేదు. పరుగుకు ఇంతకన్న అనుకూలమైన వేళ దొరకదని నిర్ణయించుకొని, తాండూరు ఊరి చివర చేతి గడియారం చూసుకొని బయలుదేరాను.

సైనిక అధికారుల శిక్షణాలయంలో నా మొదటి టర్మ్ ముగిసింది. గణితంలో నూటికి తొంభై ఎనిమిది, పటాలు చదవడంలో తొంభై ఆరు. మైలు పరుగులో మాత్రం ఆరు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు. నియమం ఆరు నిమిషాలు. సెలవుల తరువాతి పునఃపరీక్షలోనూ తప్పితే ఆ టర్మ్ మొత్తం, గణితంతో సహా, మళ్లీ చదవాలి. నాకున్నవి పద్దెనిమిది ఉదయాలు.

దూరం విషయంలో అనుమానానికి తావివ్వలేదు. వికారాబాదులో భూమి కొలతల పనిలో గొలుసు పట్టే మా మేనమామ ముందురోజే వచ్చి, ముప్పై మూడు అడుగుల గొలుసుతో నూట అరవై సార్లు కొలిచి, నాపరాళ్ల గని దగ్గర సున్నంతో గీత గీసి వెళ్లాడు.

లెక్కలో నేను చేర్చనిది ఒకటే. మా వైపు పొద్దున్నే మనిషి పరుగెత్తాడంటే ఎక్కడో చావు జరిగిందని అర్థం. కబురు మోసేవాణ్ణి ఆపి అడగకపోవడం అమర్యాద.

మూడో ఫర్లాంగు దగ్గర గొర్లు తోలుకొస్తున్న ముసలాయన కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు కొడుకా! ఎవలు పోయిండ్రు?"

"ఎవ్వలు పోలే తాతా. ఆఫీసర్ పరీక్షకు ఉరుకుతున్న."

"ఆఫీసర్‌కు జీపుంటది గద! ఉరుకుడెందుకు?"

నేను గడియారం చూసుకున్నాను. ఇంతలో గనికి పోతున్న కూలీలు మమ్మల్ని చూసి, చావు మా ఇంట్లోనే అనుకొని, గడ్డపారలు భుజాన వేసుకొనే మా ఇంటి దారి పట్టారు. నేను తిరిగి వచ్చేసరికి గడప ముందు పదకొండు మంది తలలు వంచుకొని కూర్చున్నారు.

"పదకొండు మందికి చాయ పెట్టిన," అంది అమ్మ. "రేపు సుత ఉరుకుతవా?"

ఉరికాను. ఐదు రోజుల్లో పద్నాలుగు సార్లు ఆపారు. విసిగి మామకు ఉత్తరం రాస్తే, 14వ తేదీ శనివారానికి రైల్లో సైకిల్ వేసుకొని దిగాడు. నా ముందు తొక్కుతూ గంట కొట్టి అరిచేవాడు: "ఎవ్వలు సావలే! మా అల్లుడు ఉట్టిగనే ఉరుకుతుండు!"

"సావలేదంటే, సావుదాక పోయిందెవలు?" అని అంతకు ముందు పలకరించనివాళ్లు కూడా దారిలోకి వచ్చారు. మామ సైకిల్ దిగి, దాన్ని బాటకు అడ్డంగా నిలిపి, వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"మామా, సెకన్లు పోతున్నయ్!"

"జర ఆగు అల్లుడా. పెద్దమనిషి అడుగుతుంటే చెప్పకుండ పోతమా? మైలు ఏడికి పోదు, నేనే కొలిచిన."

ఈ మాట తొమ్మిది ఉదయాలు విన్నాను. ఒక్కసారైనా నా గడియారం వైపు చూడలేదాయన.

జూన్ 26తో గడువు ముగిసింది. పద్దెనిమిది ఉదయాలు, నలభై ఒక్క ఆటంకాలు, ఆగకుండా పూర్తయిన మైళ్లు మూడు. పునఃపరీక్షలో నా సమయం ఆరు నిమిషాల నాలుగు సెకన్లు. నాలుగు సెకన్లకు ఒక టర్మ్ పోయింది. రెండోసారి గణితంలో తొంభై ఏడు వచ్చాయి.