కట్టెపెట్టెలకు మందు, కాకకు ఉత్త కార్డు

2023 ఎండకాలం. సూరత్‌ల, గోడాదరాల నాదొక చిన్న టికెట్ల దుకాణం. పద్నాలుగేండ్ల సంది అదే పని. వచ్చేటోళ్లు ఎక్కువగ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికే మనోళ్లే. రైలు టికెట్ల కోసం వస్తరు, అప్పుడప్పుడు దుబాయ్, మస్కట్. ఆఫ్రికా అంటే ఏడాదికి నాలుగో అయిదో.

రాజేశం కాకది సిరిసిల్ల దిక్కు. కడోదరాల ఒక మిల్లుల సాంచాలు బాగుచేసే ఫిట్టర్. ఆ యేడు వాళ్ల సేటు కొత్త మిషిన్లు పెట్టి, పాత సాంచాలను ఉగాండా రాజధాని కంపాలల ఒక వ్యాపారికి అమ్మిండు. అక్కడ వాటిని బిగించి నడిపియ్యాలె. వాటి మర్మం కాకకు తప్ప ఇంకొకరికి తెల్వదు.

"కొత్త మిషిన్ల కాడ నన్నెవడు నిలవెట్టుకుంటడు బిడ్డా? గవి ఏడికి పోతే నేను గాడికే," అన్నడు నవ్వుకుంట.

సస్తాగ, తక్కువ పైసలల్ల పంపుడు నా పని. అట్లని ఎట్లవడితే అట్ల పంపుడు కాదు. రెండు విమానాలు మారినా టికెట్ ఒక్కటే ఉండాలె. వేర్వేరుగ కొంటే కొంచెం తగ్గుతది గని, మొదటిది లేటయితే రెండోదానోడు మన మొహం గూడ చూడడు. అన్నిటికన్న ముందు ఎల్లో కార్డు. ఎల్లో ఫీవర్ అనే దోమజ్వరం రాకుండ, సర్కారు ఒప్పుకున్న సెంటర్‌ల సూది వేసి ఇచ్చే కార్డు అది. సూది వడ్డ పదిరోజుల దాక చెల్లదు. అందుకే నేను ముందు సూది తారీఖు చూస్త, తర్వాతనే టికెట్ తారీఖు.

ఒక సస్తా ఫేర్ దొరికింది, ఆ శుక్రవారానిదే. టైమ్ లిమిట్, అంటే ఆ ధర పట్టి ఉంచే గడువు, పొద్దుగూకే దాక. మిల్లు మేనేజర్ ఫోన్ మీద ఫోన్. కార్డు ఉన్నదా అంటే ఉన్నదని చెప్పి, కాక చేతికిచ్చి పంపిండు.

పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ముద్ర, అన్నీ ఉన్నయి. తారీఖు చూస్తే మాత్రం అనుమానమొచ్చింది. ముంబైల సూది వేసినట్టు రాసిన రెండువారాల కిందటి సోమారం నాడు, కాక వీసా కాయితాలకని నా ముందటనే కూసున్నడు. ఇద్దరం చాయ్ గూడ తాగినం.

"కాకా, ముంబై ఎప్పుడు పోయినవ్?"

"నేనెందుకు పోత? మేనేజరే తెప్పిచ్చిండు. నా దగ్గర పైస తీసుకోలే, మంచోడు."

మంచోడట! నా ఒళ్లు మండింది. సాంచాలు పోయిన కట్టెపెట్టెలకు పురుగు పట్టకుండ మందు పొగ పెట్టిచ్చి, సర్టిఫికెట్ గూడ తీసిండ్రు ఈ పెద్దమనుషులే. కట్టెలకు మందు పెట్టిచ్చినోళ్లకు మనిషికి ఒక్క సూది ఇప్పిచ్చుడు బరువైందా?

మేనేజర్‌కు ఫోన్ చేసిన. "అందరు చేసేదే బెహన్. మీరు టికెట్ తియ్యుండ్రి, నీతులు మాకెందుకు?" అన్నడు హిందీల.

"ఆ జ్వరమొస్తే మనిషి పోతడు సాబ్. దొరికితే కేసు ఆయన మీదికే. పన్నెండు రోజులు ఆగుండ్రి, సూది ఇప్పిద్దాం. గంతే ధరకు ఇంకో టికెట్ నేను దొరకవడ్త."

"కంపాల పార్టీ ఆగడు," అని పెట్టేసిండు. నేను టికెట్ తియ్యలే.

నాకు మేనేజర్ మీద కోపమొస్తే, కాకకు నా మీద వచ్చింది. "నోటికాడి బుక్క గుంజుతున్నవ్ బిడ్డా. దోమ కుడితే నన్ను గద కుడుతది, నీకేంది?" అని పాస్‌పోర్ట్ గుంజుకొని లేచిపోయిండు. ఇంకో ఏజెంట్ తీసిన టికెట్ మీద అదే శుక్రవారం పోయిండు.

రెండు నెలలకు, సాంచాలు బిగిచ్చుడు అయిపోయి వాపసు వస్తే, ముంబై ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసిండు. ఆ జ్వరమున్న దేశాల నుంచి వాపసు వచ్చేటోళ్లను గూడ మన హెల్త్ కౌంటర్‌ల కార్డు అడుగుతరు. వాళ్లకు అనుమానమొచ్చి కాకను పక్కకు కూసోవెట్టిండ్రు.

"బిడ్డా, జర చెప్పు. ఈ సూది ఏ చెయ్యికి ఇస్తరు? కుడికా, ఎడమకా? సారు అడుగుతున్నడు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "అబద్ధమాడకు కాకా. సూదే వెయ్యలేదని చెప్పు. కార్డు మేనేజర్ ఇచ్చిండని చెప్పు."

"అట్లంటే సేటుకు చెడ్డపేరు గాదా?"

వెంటనే మిల్లుకు ఫోన్ చేస్తే మేనేజర్ ఏమన్నడో తెలుసా? "ఆయన కార్డు ఆయనే తెచ్చుకున్నడు, మాకేం తెల్వదు."

కాకను ఆరు రోజులు దవాఖానల విడిగ పెట్టి వదిలిండ్రు. జ్వరం రాలే, ఆయన అదృష్టం. దొంగ కార్డు సంగతిల పోలీసులు రాసుకున్నది మాత్రం ఆయన పేరే.

ఇప్పుడు ఆఫ్రికా పోయేటోళ్లను కంపెనీ మనిషి లేకుండ ఒక్కలనే కూసోవెట్టుకొని మాట్లాడుత. సూది పడకుంటే నేనే సెంటర్‌కు తోల్కపోత. ఆ రోజు ఆ పని చెయ్యలే. టికెట్ తియ్యనన్న, నా తప్పు లేదనుకున్న, ఇంటికి పోయి నిమ్మలంగ బువ్వ తిన్న. కాక మాత్రం సూది లేకుండనే విమానమెక్కిండు.