గేటు మీద గాలి పట్టింది

పటాన్‌చెరు పొగగొట్టాలు మాకింకా కొత్తగానే ఉన్న ఆ కాలంలో, లారీకైనా మనిషికైనా జబ్బు చేస్తే ముందు ఊదుబత్తి వెలిగించి ఆ తరువాతే పానా పట్టుకునేవాళ్ళం. ఇప్పటి బండ్లు తమ రోగమేమిటో తామే తెర మీద రాసి చూపిస్తున్నాయి. మా కాలపు లారీలు నోరులేనివి, వాటి బదులు ఎవరో ఒకరు భయపడాలి. మా ఇంట్లో ఆ భయపడే పని నాకు అప్పగించారు. దానికి నాకన్నా తగినవాడు మా చుట్టాల్లో లేడు. ("వీడు పక్కింట్ల పిల్లి దగ్గినా లేసి కూసుంటడు" అనేవాడు మా బాపు, అదీ వచ్చిన చుట్టాల ముందు.)

మా మేనమామకు ఉన్నది ఒక్కటే లారీ, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత రకం. ఫ్యాక్టరీల దగ్గర రసాయనాల డ్రమ్ములు ఎత్తుకుని చుట్టుపక్కల గోదాములకు చేర్చేది. ఇంటి బియ్యం, పిల్లల బడి, అన్నీ దాని చక్రాల మీదే నడిచేవి. ఒకసారి ఎత్తు మీద దాని ఫీడ్ పంపు పని మానేస్తే మామ పూటంతా ఎండలో కూర్చున్నాడట. అప్పటి నుంచి ఆయనకు ఆ పంపు మీద తీరని అనుమానం. పాత ఇనుప సామాను కొట్లో, ఏదో బాయిలరు నుంచి ఊడదీసిన గుండ్రటి ప్రెజరు గేజు ఒకటి సంపాదించి, ఫిల్టరు దగ్గర నుంచి సన్నటి రాగి గొట్టం లాగి స్టీరింగు పక్కన బిగించాడు. అత్త గోళ్ళ రంగు సీసా అడిగి తీసుకుని దాని అద్దం మీద ఎర్ర గీత గీశాడు. (సీసా తిరిగి ఇవ్వలేదని అత్త చాలాకాలం దెప్పింది.) అలాంటి గేజు ఆ చుట్టుపక్కల మరే లారీలోనూ లేదు. దాంతో ఊళ్ళో అందరికీ ఆయన గేజు మామ అయ్యాడు, నా చేతికి కొత్తగా లైసెన్సు రాగానే స్టీరింగు ఇచ్చే ముందు ఆ గేజు దగ్గరే నన్ను కూర్చోబెట్టాడు.

"సూడు అల్లుడా, డీజిలు ట్యాంకిల ఉంటె సరిపోదు. ఇంజను దాక దాన్ని ఎవడో ఒకడు మోసుకపోవాలె. గా మోసేటోడే ఫీడ్ పంపు. వాడు మంచిగున్నంతసేపు ముల్లు గీత మీదనే ఉంటది. వాడు బీమారైనా, పైపులకు యాడికెల్లి అన్న గాలి జొర్రినా, ముల్లు కిందికి జారుతది. గీత దాటి దిగిందంటె బండి యాడ ఉంటె ఆడనే ఆగిపోతది. రోడ్డు సూస్తవో సూడవో గని, ముల్లు సూడు."

ఆ చివరి మాట తమాషాకు అన్నాడో నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం వేదవాక్కులా పట్టుకున్నాను. మొదటి రోజే లారీ తెచ్చి ఇంటి ముందు ఆపి, ముల్లు అడుగుకు పడిపోయిందని ఏడుపు మొహంతో లోపలికి పరుగెత్తాను. "ఇంజను బంద్ జేసినంక ముల్లు నిలవడి నీకు సలాం గొడతదార?" అన్నాడు మామ. అలా నవ్వి ఊరుకున్నాడు గానీ నా భయం ఊరుకోలేదు. కలలో ముల్లు, కంచంలో ముల్లు. సాయంత్రం పూట గోడ గడియారంలో ముల్లు ఆరు వైపు దిగుతుంటే నా గుండె దడదడలాడేది. గతుకు వస్తే ముల్లు వణికేది, గేరు మారిస్తే వణికేది, అది వణికినప్పుడల్లా నేను లారీ పక్కకు తీసి బానెట్టు ఎత్తి పంపును చేత్తో తడిమి చూసేవాణ్ణి. నా వెనకాల వచ్చే డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయి, నన్ను చూడగానే ముందుగానే దారి మార్చుకోవడం మొదలుపెట్టారు.

అలాంటి సమయంలో మామకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, మనిషి మంచానికి అతుక్కున్నాడు. డాక్టరు గోలీలు మింగుతూనే ఉన్నాడు గానీ అత్తకు వాటి మీద సగం నమ్మకమే. ఆమె పుట్టిన ఊళ్ళో ఒక ముసలామె ఆదివారం పూట కామెర్లకు ఆకు ఇచ్చేది. ఆ ఊరు కర్దనూర్ దాటాక రైలు గేటుకు అవతల. నేను డ్రమ్ములు దించాల్సిన గోదాము కూడా గేటుకు అవతలే. ఇంకేం, ఆ ఆదివారం పొద్దున్నే అత్త చేతిసంచితో లారీ ఎక్కి నా పక్కన కూర్చుంది. సంచిలో నిమ్మకాయలు, పసుపు పొట్లం, ఆ పొద్దున మామ చేతికి కట్టగా మిగిలిన నల్లదారం ఉండ. అత్తకు లారీ అంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు, మామ అంటే మొదలే లేదు. ఆమె భయపడేది ఒక్క గాలికే. గాలి అంటే వీచే గాలి కాదు, మనుషులకు సోకే గాలి.

బయలుదేరినప్పటి నుంచి నా పద్ధతి నాదే. ముల్లు వణికింది, ఆపాను. మళ్ళీ వణికింది, మళ్ళీ ఆపాను. అత్త చూసి చూసి, "ఏందిర ఇది, అడుగడుగుకు ఆపుతున్నవు? పెండ్లి ఊరేగింపా?" అన్నది.

"ముల్లు వణుకుతున్నది అత్తా."

"ముల్లు కాదు, నువ్వు వణుకుతున్నవు."

కర్దనూర్ దాటాక నేను ముల్లును చూస్తుండగా ఎదురుగా బర్రెల మంద వచ్చింది. అత్త కేక వేయకపోతే ఆ రోజు ఏమయ్యేదో. బర్రెలు తాపీగా పక్కకు వెళ్ళిపోయాయి గానీ అత్త మాత్రం చల్లబడలేదు. నా భుజం మీది తువ్వాల తీసి గేజు మీద కప్పి, కొసలు వెనక్కి దోపింది. "ఇగ సూడకు. పొద్దస్తమానం సూస్తె దానికి దిష్టి తగలదా? రోడ్డు సూడు" అన్నది. ముల్లు కనబడకపోతే నాకు కళ్ళకు గంతలు కట్టినట్టే ఉంది. కానీ అత్త మాటకు ఎదురు చెప్పే ధైర్యం కూడా ఆ ఉన్న భయాల్లోనే మునిగిపోయింది. తువ్వాల కింద ముల్లు ఏం చేస్తోందో అని అనుకుంటూనే రైలు గేటు ఎక్కాను.

ముందు చక్రాలు పట్టాలు దాటాయి. ఇంజను ఒక దగ్గు దగ్గింది. తరువాత గుటక వేసింది. ఆ తరువాత ఏమీ లేదు. సరిగ్గా డ్రమ్ములున్న నడుము భాగం పట్టాల మీద పెట్టుకుని లారీ నిలబడిపోయింది. నేను తువ్వాల లాగి చూశాను. ముల్లు ఎర్ర గీతకు ఎంతో కింద, అడుగున పడుకుని ఉంది. 

"అత్తా, గాలి పట్టింది" అన్నాను.

డ్రైవర్ల భాషలో దానికి ఒకటే అర్థం. డీజిలు పైపులో ఎక్కడో సందు దొరికి గాలి దూరింది, పంపు డీజిలుకు బదులు గాలిని గుంజుతోంది, అంతే. కానీ అత్త భాష వేరు. ఆ గేటు దగ్గర ఎప్పుడో ఎవరో రైలు కింద పడ్డారని, వాళ్ళ గాలి అక్కడే తిరుగుతోందని ఆమె చిన్నప్పటి నుంచి విన్నదే. మొహం పాలిపోయింది. అయినా గొంతు స్థిరంగానే ఉంది.

"నేను అనుకుంటనే ఉన్న. ఎవల్ని పట్టింది, నిన్నా, బండినా?"

"బండిని."

"యాడ పట్టింది?"

"ట్యాంకికి పంపుకు నడుమ ఉండాలె."

దాని జాడ ఇంత కచ్చితంగా చెప్పిన వాణ్ణి అత్త అంతకుముందు చూసి ఉండదు. సంచి తీసుకుని దిగింది. నేను దిగి బానెట్టు ఎత్తేసరికి గేట్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఓ డ్రైవర్ సాబ్, జల్దీ తియ్యి. స్టేషన్ల బండి ఇడిసిండ్రని ఫోనొచ్చింది. ఏమైంది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అత్తే చెప్పింది, గాలి పట్టిందని. ఆమె చేతిలో నిమ్మకాయలను, ఆమె మొహాన్ని ఒకసారి చూసి గేట్‌మన్ వెనక్కి జరిగాడు. ఎర్రజెండా అందుకుని రైలు వచ్చే వైపు పరుగు తీశాడు. ఆ పరుగు రైలును ఆపడానికో, అత్త చెప్పిన దాన్నుంచి తప్పించుకోవడానికో ఆ వేగం చూసి చెప్పలేం.

ఇలాంటప్పుడు చేయాల్సిందేమిటో మామ నేర్పాడు. ఫిల్టరు మీది మర వదులు చేసి, పంపుకున్న చేతి పిడిని పైకీ కిందికీ కొట్టాలి. బుడగలు పోయి చిక్కటి డీజిలు వచ్చాక మర బిగించి సెల్ఫ్ కొట్టాలి. కొట్టాను. ఇంజను అందుకుంది, రెండు గుక్కలు తాగి మళ్ళీ ఆగింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఆగింది. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ మూలగడం మొదలైంది. ఇంకొక్క సారికి సరిపోయే ప్రాణం మాత్రమే దానిలో మిగిలి ఉందని ఆ మూలుగులోనే తెలిసిపోయింది. డ్రమ్ముల మీద పుర్రె బొమ్మలు నన్నే చూస్తున్నాయి. దూరంగా ఎక్కడో కూత వినబడింది, లేదా నా చెవుల్లోనే వినబడింది. అప్పుడు నాకు కలిగిన భయాన్ని ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ క్షణంలో నేను చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను.

"అత్తా, పోదాం పా. బండి పోతె పోనియ్యి" అన్నాను.

"నువ్వు పోతె పో. బండిని పట్టాల మీద ఇడిసిపెట్టి, మంచంల ఉన్న మీ మామకు నేను ఏమని జెప్పాలె? ఆయనకు ఉన్నదే ఇదొక్కటి."

ఏ అరుపూ లేకుండా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అన్నది. నేనేమో అప్పటికే కంకర దాటి గట్టు మీద ఉన్నాను. (నా కాళ్ళు నన్ను అడగకుండా ఎప్పుడు వెళ్ళాయో నాకు తెలియదు.) అత్త తిట్టలేదు. "యాడ పట్టిందో సూపియ్యి, సాలు. నీకు భయమైతె గాడనే నిలవడి సూపియ్యి" అన్నది. అంత దూరం నుంచి రబ్బరు పైపును చూపించడం కుదరదు. వణుకుతూనే వెనక్కి వచ్చాను.

ఒక చేత్తో పిడి కొడుతూ వెతికాను. ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపుకు రబ్బరు పైపు తొడిగిన చోట సన్నగా బుడగలు, నురగ. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులైంది. బిగిద్దామంటే దాని మర అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. "ఇగో, గిక్కడ" అని చూపించాను. అత్త వంగి చూసింది.

"నురుగు గక్కుతున్నది" అన్నది. ఆమెకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

పసుపు తీసి ఆ అతుకు మీద దట్టంగా పూసింది. నల్లదారం ఉండ విప్పి చుట్టడం మొదలుపెట్టింది. అది తాయెత్తు కట్టే చుట్టుడు కాదు. చెప్పు కాలు చక్రానికి తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టి, ఒక్కో చుట్టూ దాని పీక నులిమినట్టు గుంజి గుంజి చుట్టింది. "దొంగముండ గాలి, ఊర్ల ఇన్ని బండ్లుంటే మా బండే దొరికిందా నీకు? మా ఆయన లేవలేక పండుకున్నడని సూసి వచ్చినవా?" అంటూ ఉండ మొత్తం అయిపోయేదాకా చుట్టి ముడి వేసింది. నేను పిడి కొడుతూనే ఉన్నాను. నాలుగు సార్లు మెత్తగా దిగిన పిడి, ఆ తరువాత చేతికి ఎదురు తిరిగింది. బుడగలు పోయాయి. డీజిలు నిండుగా, శుభ్రంగా వచ్చింది. ఈసారి కూత నిజంగానే వినబడింది. మర బిగించి, ఎక్కి, ఆ మిగిలిన ఒక్క ప్రాణాన్ని సెల్ఫ్‌కు ఇచ్చాను. అది ఏడ్చింది, గొణిగింది, ఇంజను అందుకుంది. అత్త మెట్టు మీద వేలాడుతుండగానే లారీ పట్టాలు దిగింది.

రైలు దూరంగా ఎర్రజెండా చూసి ఆగి, దారి ఖాళీ అయ్యాక మెల్లగా వచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టి మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళాడు. ఏ భాషో తెలియలేదు గానీ భావం తెలిసింది. తరువాత గేట్‌మన్ వచ్చి అదే పని తెలుగులోనూ ఉర్దూలోనూ చేశాడు. అత్త ఆయన మాటలు వింటూనే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నన్ను ముందుకు నడపమన్నది. నిమ్మకాయలు నలిగాక పక్కన ఎక్కి కూర్చుని అడిగింది.

"పోయిందా?"

గేజు చూశాను. ముల్లు ఎర్ర గీత మీద, నేను ఎన్నడూ చూడనంత నిటారుగా, వణుకు లేకుండా నిలబడి ఉంది.

"పోయిందత్తా" అన్నాను, అని భోరున ఏడ్చాను. ఆమె అదే తువ్వాలతో నా మొహం తుడిచింది. మేము ఊళ్ళోకి వెళ్ళేసరికి నా మొహం నిండా పసుపు, డీజిలు. చూసిన ముసలామె, కామెర్లు నాకే అనుకుని ముందు నాకు ఆకు తినిపించబోయింది.

మామ కోలుకున్నాడు, గోలీలకో ఆకుకో. మంచం మీద కూర్చుని మా ఇద్దరి కథా విన్నాడు. పైపు అతుకు వదులై గాలి పట్టిందని నేను, గేటు మీది గాలి పట్టిందని అత్త. "ఇద్దరు జెప్పేది ఒకటే మాటనాయె. నేను ఎవల్ని కాదనాలె?" అన్నాడు. మెకానిక్కు కొత్త క్లిప్పు వేయడానికి దారం కోయబోతే మాత్రం ఒప్పుకోలేదు. క్లిప్పును ఆ దారం మీదనే బిగించారు. లారీ అమ్మేదాకా అది అలాగే ఉంది.

ఇప్పుడు నాకు ఒక చిన్న డీజిలు కారుంది. మొన్న సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, ముందు అరలో నల్లదారం ఉండ చూసి అక్కడి కుర్రవాడు, "ఇది దేనికి సార్?" అని అడిగాడు. గాలి పట్టకుండా అన్నాను. "నాలుగు టైర్లకూ సరిగ్గా కొట్టినం సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. కారు తీసుకుని బయలుదేరాను. గేటు ఉన్నచోట ఇప్పుడు పట్టాల మీదుగా వంతెన ఉంది. దాన్ని ఎక్కేముందు ఇంత వయసులోనూ నా కళ్ళు స్టీరింగు పక్కన ఎర్ర గీత కోసం వెతికాయి. అక్కడ ఏమీ లేదు. వంతెన దిగాక, ఎవరూ లేని పక్క సీటు వైపు తిరిగి, "పోయిందత్తా" అని చెప్పాను.