నిలబడి ఉన్నదాని పేరు

దానయ్యకు వచ్చిన ఇటాలియన్ మాట ఒక్కటే. పెరికొలాంతె. ఓడ మరమ్మతు చూసేందుకు ఇటలీ నుంచి వచ్చిన ముసలి సాండ్రో నేర్పాడు. కూలిపోయినదాన్ని అలా అనరట. కూలబోతూ ఇంకా నిలబడి ఉన్నదాన్ని అంటారట. గోడని, మెట్లని, బాల్కనీని.

ఆ మాట దానయ్యకు తెగ నచ్చింది. పరదేశంలో ఓడల యార్డు కూలీలుండే క్రాంజీ డార్మిటరీలో ఊగే మంచాన్నీ, తడిబట్టల బరువుకి వంగిన తాడునీ అదే మాట అనేవాడు.

"నీ మీసం కూడా అదేనేటి మావా?" అనేవాడు కింది మంచం మీది ఏసుబాబు.

తన గురించి మాత్రం దానయ్య ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళుగా పరంజా ఎక్కితే సముద్రం ఒక పక్కకి ఒరుగుతోంది. చెబితే మెడికల్ చేయిస్తారు. అందులో తప్పితే పని పర్మిట్ పోతుంది, ఇంటికి పంపేస్తారు.

శ్రీకాకుళం వాళ్ళు పరంజాకి పైపులు అందించుకునే పద్ధతి ఒకటుంది. కిందివాడు పైపు ఎత్తి పట్టుకుంటాడు. పైవాడు "పట్టాను" అంటేనే వదులుతాడు. తలెత్తి చూడడు. ఆ మాటనే నమ్ముతాడు.

ఆ ఉదయం ఎండ ఓడ పొట్ట మీద తెల్లగా కరుగుతోంది. కింద ఏసుబాబు పైపు ఎత్తి పట్టుకున్నాడు. "పట్టాను," అన్నాడు దానయ్య. అతని వేళ్ళు పైపుకి జానెడు అవతల, గాలిని పట్టుకున్నాయి.

పైపు ఏసుబాబు చెవి పక్కనుంచి జారి నేల మీద మోగింది. అన్న మాట దానయ్య నోట్లోనే ఉంది. చెయ్యి ఖాళీగా ఉంది.

ఎలా దిగాడో తెలియదు. సాండ్రో అప్పటికే పరంజా నిలువు పైపుని అరచేత్తో కొట్టి చూస్తున్నాడు. అది కదల్లేదు. దానయ్య వైపు తిరిగి మెల్లగా "పెరికొలాంతె" అన్నాడు.

"అది గోడలకి కదా సార్?" అన్నాడు దానయ్య.

"కింద మనుషులు నిలబడే దేనికైనా."

ఏసుబాబు చెవి తడుముకుంటూ వచ్చాడు. తిట్టలేదు.

"ఏటైంది మావా నీకు?"

"కళ్ళు తిరుగుతున్నాయిరా. సానా రోజుల్నించి."

"నాకైనా చెప్పొచ్చు కదా. నేనేటి, నిన్ను విమానం ఎక్కించేస్తానా?"

"పరంజా ఎక్కనివ్వవు కదరా."

ఏసుబాబు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వాడి చెయ్యి మళ్ళీ చెవి మీదికి పోవడం దానయ్య అప్పుడు చూశాడు.

పనిముట్లున్న తన నడుము బెల్టు విప్పాడు.

"ఇది ఉంచు. ఆఫీసుకెళ్ళి చెప్పేసొస్తాను."

ఏసుబాబు చేతిలో పెట్టాడు గానీ వెంటనే వదల్లేదు. వాడి నోటివైపే చూస్తూ ఉండిపోయాడు.

ఏసుబాబు బెల్టుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"పట్టాను మావా."

అప్పుడు వదిలాడు.