ఎండలో రెండు మెరుపులు

వీధిలో అందరూ ఆమెను అతుకులక్క అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక్క పిలుపుకి పలకదు. మొదట్లో భర్త నడిపే ఫోటో స్టూడియోలో ఆల్బములు అంటించేది. వీడియోల కాలం వచ్చాక కెమెరా పట్టడానికి భర్తా మరిదీ పోటీ పడ్డారు గానీ, తీసిన ముక్కలన్నీ ముందేసుకుని గంటల తరబడి కలిపే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఆమె కూర్చుంది. మూడు కెమెరాలు మూడు వైపుల నుంచి తీసినదాన్ని పక్కపక్కన పేర్చి, చప్పట్లకు చప్పట్లు, పెదవికి మాట సరిపెట్టి, ఎక్కడ ఏది మారిందో కనిపెట్టలేనంత నున్నగా కలిపేది. "అతుకు కనబడిందంటే అది అతుకు కాదు, చిరుగు" అనేది. అలా ఆ పేరు స్థిరపడింది.

ఆ రోజు ఊళ్లోని బడులన్నిటికీ పరుగు పందాలు. సాయంత్రం నాలుగింటికి బహుమతులిచ్చే సభలో చూపించడానికి పావుగంట వీడియో ఆమె తయారుచేయాలి. పొద్దున భర్తా తనూ తీసిన కెమెరా కార్డులు మరిది తెచ్చి బల్ల మీద పెట్టి, అన్నం తినడానికి వెళ్లాడు. చల్లగా ఉండే గది ఇంట్లో అదొక్కటే కాబట్టి అత్తగారు కూడా అక్కడే చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చుంది.

రెండు కావస్తుండగా ఒక బడి ఆటల టీచరు రొప్పుతూ లోపలికొచ్చింది.

"అక్కా, మా పిల్లల్ని పోటీలోంచి తీసేశారు!"

నలుగురు ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కర్ర అందుకుని పరిగెత్తే పందెం అది. మైదానం మీద గీసిన గీత లోపలే కర్ర చేతులు మారాలి. టీచరు పిల్లలు మూడో స్థానంలో వచ్చారు. మొదటి ముగ్గురికే పై పోటీకి వెళ్లే అవకాశం. అయితే రెండో అమ్మాయి గీత దాటాక కర్ర ఇచ్చిందని పెద్ద జడ్జి తేల్చేశాడు.

"సభ మొదలయ్యేలోపు ఆధారం చూపిస్తే చూస్తానన్నారు. మీ కెమెరాల్లో ఏమైనా ఉందా అక్కా?"

"చూస్తాను. కానీ ఒక్క మాట. గీత దాటాకే ఇచ్చినట్టు కనబడితే అదే చూపిస్తాను. మనసులో పెట్టుకోకూడదు."

టీచరు తలూపింది.

భర్త మైదానం పక్కన నిలబడి తీసినదాన్ని అతుకులక్క ముందు తెరిచింది. ఇద్దరి చేతులూ కర్రా స్పష్టంగా ఉన్నాయి. కానీ గీతకు అడ్డంగా తెల్లచొక్కా ఆయనెవరో నిలబడ్డాడు. మరిది మెట్ల పైనుంచి తీసినదాంట్లో గీత అద్దంలా ఉంది, అడుగులున్నాయి. చేతులు మాత్రం ఒంటి చాటున పడ్డాయి. ఒకదాంట్లో చేతులు, ఇంకోదాంట్లో గీత. రెండూ ఒకే క్షణానికి కుదిరితే గానీ నిజం తేలదు.

శబ్దం పట్టుకుని కుదుర్చుదామంటే, మరిది మైకు ఆన్ చేయడమే మర్చిపోయాడు. కెమెరాల గడియారాలు చూస్తే ఒకదానికొకటి ఏడు నిమిషాలు తేడా. కంటి అంచనాతో కుదిరిస్తే ఒక అడుగు అటో ఇటో అవుతుంది. ఇక్కడ గొడవంతా ఆ అడుగు గురించే.

ముందుకీ వెనక్కీ తిప్పింది. మూడు కావస్తోంది. ఆమె కళ్లు అమ్మాయిల మీదే అతుక్కుపోయాయి.

"ఏమిటే అది? ఇంత ఎండలో మెరుపేమిటి?" అంది అత్తగారు, చేతిలో చిక్కుడుకాయతో తెర మూలకి చూపిస్తూ.

అతుకులక్క వెనక్కి తిప్పింది. మైదానం చివర పత్రికా ఫోటోగ్రాఫరు ఫ్లాష్ వేశాడు. సెకనుకు పాతిక బొమ్మలైతే, ఆ తెల్లటి చుక్క ఒకే ఒక్క బొమ్మలో ఉంది. రెండో కెమెరాలో వెతికింది. అక్కడా ఉంది! ఆ రెండు చుక్కల్నీ కలిపితే రెండు కెమెరాలూ ఒకే క్షణానికి కుదురుతాయి.

"అత్తయ్యా, మీ నోట్లో చక్కెర పోయాలి!"

"పోద్దువు గానీ, నాకు షుగరు" అంది అత్తగారు. టీచరుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కానీ అతుకులక్క ఊరుకోలేదు. ఫోటోగ్రాఫరు ఒకసారే వేశాడని ఏముంది? ఇది ఆ మెరుపేనా, ఇంకొకటా? మళ్లీ వెతికితే కాసేపటికి మరో మెరుపు దొరికింది. మొదటి కెమెరాలో రెండు మెరుపుల మధ్య రెండువందల పన్నెండు బొమ్మలు. రెండో కెమెరాలో లెక్కపెట్టింది. రెండువందల పన్నెండు! కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కో బొమ్మా జరిపింది. ఎడమ బొమ్మలో రెండో అమ్మాయి వేళ్లు కర్రను వదిలాయి. ఆపింది. కుడి బొమ్మ చూసింది. ఇద్దరు అమ్మాయిలూ ఇంకా గీత లోపలే ఉన్నారు. ముందున్న అమ్మాయికి గీత ఇంకా అడుగు దూరంలో ఉంది!

"లోపలే!" టీచరు అరిచిన అరుపుకి చిక్కుళ్ల చాట తిరగబడింది.

కబురందుకుని పెద్ద జడ్జి మూడుంపావుకి వచ్చాడు. ముఖం గంటు పెట్టుకునే కూర్చున్నాడు.

"నా కళ్లతో చూశానమ్మా. గీత దాటాక కూడా ఆ పిల్ల చెయ్యి చాచే ఉంది."

"చాచే ఉంది సార్. అందులో కర్ర లేదు. మీరే జరిపి చూడండి."

మౌసు ఆయన చేతికిచ్చింది. మెరుపుల మధ్య లెక్క ఆయనే పెట్టుకున్నాడు, రెండుసార్లు. తర్వాత వేళ్లు వదిలిన చోట ఆపాడు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇచ్చేసిన చెయ్యిని చూసి ఇస్తున్న చెయ్యి అనుకున్నాను. తప్పు నాదే. పదండి, పిల్లలకి నేనే చెబుతాను."

అతుకులక్క వెళ్లలేకపోయింది. సభకు అరగంటే ఉంది, వీడియో సగం కూడా కాలేదు. చెమటలు కక్కుతూ పూర్తిచేసి మరిది చేతిలో పెట్టి పరుగెత్తించింది. మూడో స్థానానికి ఆ నలుగురినీ పిలిచినప్పటి కేకలు మైదానం నుంచి కిటికీ దాకా వినిపించాయి.

మరుసటి నెల పై పోటీకి టీచరు పట్టుబట్టి అత్తాకోడళ్లిద్దర్నీ తీసుకెళ్లింది. అన్నేళ్లుగా పరుగుల్ని తెర మీదే చూసిన మనిషి, మొదటిసారి మైదానం అంచున నిలబడింది. ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. పిల్లలు దూసుకొస్తుంటే చెప్పులు వదిలేసి, కంచె పట్టుకుని, గొంతు చించుకుని అరిచింది. వాళ్లు ఆరో స్థానంలో వచ్చారు. ఆమెకు రెండు రోజులు గొంతు పెగల్లేదు. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ ఆ పరుగు కథ అత్తగారే చెప్పింది.